చంపినవాడి పేరొక్కటే తెలిస్తే ఎలా?

మా డిపార్ట్‌మెంట్‌లో అటెండెన్స్ విషయంలో కొంచెం గట్టిగా ఉండే సార్‌కి మూడు బ్యాచ్‌ల ముందు నుంచే ఒక పేరుంది. ఏం పేరో చెప్పక్కర్లేదు. మీ డిపార్ట్‌మెంట్‌లో కూడా ఒక హిట్లర్ ఉండే ఉంటారు. 1997లో ఆ పేరుతో చిరంజీవి సినిమా వచ్చింది. చెల్లెళ్ళ మీద ఈగ వాలనివ్వని అన్నయ్య అందులో హీరో. ఇక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలు చూసుకుంటూ పోతే, వ్యక్తిత్వ వికాసం పుస్తకాల మధ్యలో "మైన్ కాంఫ్" కనిపిస్తుంది. ఫస్టియర్‌లో నేనూ ఒకటి కొన్నాను. విల్ పవర్ పెరుగుతుందని ఎవరో చెప్పారు. ఇరవై పేజీలు కూడా దాటలేదు, కానీ ఏడాదంతా రూమ్‌లో షెల్ఫ్ మీద అందరికీ కనిపించేలా పెట్టుకున్నాను. ఎవరూ ఏమీ అనలేదు.

ఒకసారి లెక్క వేసుకుందాం. యూదుల గురించి మనకి ఏం తెలుసు? హిట్లర్ చంపాడని తెలుసు. అరవై లక్షల మందిని అని కొందరికి తెలుసు. సీబీఎస్ఈలో చదివినవాళ్ళకి టెన్త్ ఇంగ్లిష్‌లో ఆన్ ఫ్రాంక్ డైరీ నుంచి ఒక పాఠం గుర్తుంటుంది. ఐన్‌స్టీన్ యూదుడని తెలుసు. వాట్సాప్ పుణ్యమా అని "ప్రపంచంలోకెల్లా తెలివైన జాతి, కడుపులో ఉండగానే బిడ్డకి లెక్కలు నేర్పిస్తారు" అనేది కూడా తెలుసు. తర్వాత డ్రిప్ ఇరిగేషన్, మొస్సాద్. అంతే. దాదాపు మూడు వేల ఏళ్ళ చరిత్ర ఉన్న జనం గురించి మన దగ్గరున్నది ఒక హంతకుడి పేరు, ఒక సైంటిస్టు పేరు, ఒక గూఢచారి సంస్థ పేరు.

నాకూ అంతే తెలుసు, మొన్న సంక్రాంతి దాకా.

మా పెద్దమ్మ వాళ్ళబ్బాయి అమెరికాలోనే పుట్టి పెరిగాడు. అక్కడ ఒక యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం. పండక్కి తెనాలి దగ్గర మా తాతయ్య వాళ్ళ ఊరొచ్చాడు. భోజనాల దగ్గర మావయ్య ఎప్పుడూ అడిగే ప్రశ్నే అడిగాడు. "మైనర్ ఏం తీసుకున్నావురా? ఏఐ యేనా?" అన్నయ్య చాలా మామూలుగా, "కాదు మావయ్యా, జ్యూయిష్ స్టడీస్. యూదుల చరిత్ర, సంస్కృతి" అన్నాడు. చారు వడ్డిస్తున్న అమ్మమ్మ గరిటె ఆగిపోయింది. పెద్దమ్మకి సంగతి ముందే తెలుసు కాబట్టి తలెత్తకుండా పెరుగు కలుపుకుంటోంది.

మావయ్య అడిగాడు, "దానికి ప్యాకేజీ ఎంతొస్తుంది?"

అమ్మమ్మ అడిగింది, "మతం ఏమన్నా మారుతున్నావా నాయనా?"

చివర్లో తాతయ్య అడిగాడు, "వాళ్ళ చరిత్ర నీకెందుకురా? నీ చరిత్ర నీకు తెలుసా?"

అన్నయ్యకి తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడాలంటే తడబడతాడు. ముగ్గురికీ సరిగ్గా జవాబు చెప్పలేకపోయాడు. ఆ రాత్రి డాబా మీద నాకు చెప్పినవీ, తర్వాత నేను వెతుక్కుని చదివినవీ కలిపి అన్నయ్య తరఫున ఇప్పుడు నేను చెప్తాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాను. ఇంజినీరింగ్ చదివేవాళ్ళు ఇలాంటి మైనర్ తీసుకోవడం టైమ్ వేస్ట్ కాదు. మన కాలేజీల్లో కూడా ఇలాంటి దారి ఒకటి తెరవాలి.

ముందు అసలు ఈ మైనర్ ఏంటో చూద్దాం. మన దగ్గర ఏఐసీటీఈ లెక్క ప్రకారం మైనర్ అంటే డిగ్రీకి కావలసిన వాటి మీద అదనంగా 18 నుంచి 20 క్రెడిట్స్. రూల్ ఉంది గానీ మనకి దొరికే లిస్ట్ మీకు తెలిసిందే. మెకానికల్ వాళ్ళకి డేటా సైన్స్, సివిల్ వాళ్ళకి డేటా సైన్స్, ఈసీఈ వాళ్ళకి ఏఐ. అమెరికాలో మన సీనియర్లు ఎమ్మెస్ చేసే మిషిగన్, ఇల్లినాయ్ లాంటి యూనివర్సిటీల్లో యూదు అధ్యయనాలు మైనర్‌గా తీసుకోవచ్చు. మామూలుగా ఐదారు కోర్సులు. ప్రాచీన చరిత్ర ఒకటి, మధ్యయుగాల మీద ఒకటి, ఆధునిక చరిత్ర ఒకటి, సాహిత్యం, కావాలంటే హీబ్రూ గానీ యిడ్డిష్ గానీ, ఒక సెమినార్. కోడ్ రాసేవాళ్ళూ, డాక్టర్ అవ్వాలనుకునేవాళ్ళూ, యూదులూ, కానివాళ్ళూ ఒకే క్లాసులో కూర్చుంటారు.

ఇప్పుడు అమ్మమ్మ ప్రశ్న. మతం మారడానికి కాదు అమ్మమ్మా. ఈ చదువు పుట్టిందే మతాన్ని నమ్మేవాళ్ళూ నమ్మనివాళ్ళూ కూడా ఒకే ఆధారాలు చూసి మాట్లాడుకోవడానికి. 1819 నవంబరులో బెర్లిన్‌లో కొందరు యూదు కుర్రాళ్ళు ఒక సంఘం పెట్టారు. అందులో లియోపోల్డ్ జుంజ్‌కి అప్పటికి పాతికేళ్ళు. ఎడ్వర్డ్ గాన్స్ ఇంకా చిన్నవాడు. తర్వాత కవిగా పేరు తెచ్చుకున్న హైన్రిష్ హైనే కూడా ఇందులో చేరాడు. అంతకు కొద్ది నెలల ముందే జర్మన్ ఊళ్ళలో యూదుల ఇళ్ళ మీద, అంగళ్ళ మీద దాడులు జరిగాయి. ఆ కోపంలో వీళ్ళు ఎంచుకున్న పని వింతగా ఉంటుంది. మన చరిత్రని మనమే, యూనివర్సిటీలో మిగతా చరిత్రలు ఎలా రాస్తారో అలా, ఆధారాలతో రాద్దాం అనుకున్నారు. అప్పటిదాకా యూదుల గురించి చర్చి పండితులు రాశారు, ద్వేషించేవాళ్ళు రాశారు. యూదు పండితులు రాసిందేమో ఎక్కువగా ధర్మశాస్త్రం.

వాళ్ళకి ఏమైందో కూడా వినండి. గాన్స్ న్యాయశాస్త్రంలో దిట్ట. ప్రొఫెసర్ పోస్ట్ అడిగితే 1822లో ప్రష్యా ప్రభుత్వం యూదులకి ఆ ఉద్యోగాలే లేవని తేల్చేసింది. 1825లో గాన్స్ క్రైస్తవం తీసుకుని ప్రొఫెసర్ అయ్యాడు. అదే ఏడాది హైనే కూడా మారాడు. జుంజ్ మాత్రం మారలేదు. 1848లో బెర్లిన్ యూనివర్సిటీలో యూదు చరిత్రకీ సాహిత్యానికీ ఒక ప్రొఫెసర్ పదవి పెట్టమని అడిగాడు. కుదరదన్నారు. 1886లో చనిపోయేవరకూ ఆయన యూనివర్సిటీ బయటే ఉండి రాశాడు. ఇవాళ మా అన్నయ్య డ్రాప్‌డౌన్ మెనూలో ఒక క్లిక్‌తో ఎంచుకున్న సబ్జెక్ట్ అది. కాబట్టి అమ్మమ్మా, మతం మారడానికి కాదు. మతం మారకుండా చదువుకునే హక్కు కోసం పుట్టిన చదువు అది.

ఇక మావయ్య ప్రశ్న. ఇక్కడ నిజం చెప్పేస్తాను. దీనికి ప్యాకేజీ ఏమీ రాదు. "క్రిటికల్ థింకింగ్ పెరుగుతుంది, హెచ్‌ఆర్ రౌండ్‌లో పనికొస్తుంది" అని నేను అమ్మను. అలా అమ్మితే అది కూడా విల్ పవర్ పుస్తకం లాంటిదే అవుతుంది. కాకపోతే మనలాంటివాళ్ళకి ఇందులో పని లేదనుకుంటే మాత్రం పొరపాటు. ఒక ఉదాహరణ చెప్తాను.

పుస్తకం కాలికి తగిలితే మనం కళ్ళకద్దుకుంటాం కదా. యూదుల్లో కూడా దేవుడి పేరు రాసిన కాగితం చెత్తలో వెయ్యకూడదు. చిరిగిపోయినవన్నీ గుడిలో ఒక గదిలో దాచి, తర్వాత పాతిపెడతారు. వాళ్ళ గుడిని సినగాగ్ అంటారు, ఆ గదిని గెనీజా అంటారు. కైరోలో బెన్ ఎజ్రా సినగాగ్‌లో మాత్రం దాదాపు వెయ్యేళ్ళ కాగితాలు ఆ గదిలోనే ఉండిపోయాయి. 1896, 97ల్లో సాలమన్ షెక్టర్ అనే పండితుడు వాటిలో ఎక్కువ భాగాన్ని కేంబ్రిడ్జికి చేర్చాడు. ఒక్క కేంబ్రిడ్జిలోనే లక్షా తొంభై మూడు వేల ముక్కలున్నాయి. ప్రార్థనలే కాదు. పెళ్ళి ఒప్పందాలు, సరుకుల చీటీలు, అప్పుల లెక్కలు, పిల్లలు అక్షరాలు దిద్దిన కాగితాలు, వ్యాపారుల ఉత్తరాలు. ఆ ఉత్తరాల్లో కొన్ని మన తీరానికి సంబంధించినవి. అబ్రహాం బెన్ యిజు అనే ట్యునీషియా యూదుడు 1130ల నుంచి పదిహేడేళ్ళ దాకా మంగళూరులో ఉన్నాడు. అక్కడ కంచు సామాన్ల కార్ఖానా నడిపాడు. ఏడెన్ నుంచి స్నేహితులు పాత, విరిగిన రాగి పాత్రలు ఓడలో పంపి, ఏ సైజులో ఏం చేసి పంపాలో ఉత్తరంలో రాసేవారు. మన వర్క్‌షాప్ రికార్డులో జాబ్ స్పెసిఫికేషన్ రాసినట్టే. 1132లో ఆయన అషు అనే ఒక భారతీయ బానిస స్త్రీకి విడుదల పత్రం రాసిచ్చాడు. ఆమెనే పెళ్ళి చేసుకున్నాడని పండితులు భావిస్తారు. ఎస్.డి. గోయిటైన్ అనే చరిత్రకారుడు జీవితంలో చాలా ఏళ్ళు ఈ ముక్కల మీదే గడిపాడు. అమితావ్ ఘోష్ 1992లో రాసిన "ఇన్ ఏన్ ఆంటిక్ లాండ్" ఈ మంగళూరు కథ వెంట తిరిగిన పుస్తకమే.

చిక్కేంటంటే, ఒకే ఉత్తరంలో సగం ఒక దేశంలో, సగం ఇంకో దేశపు లైబ్రరీలో ఉంటుంది. ఒక మనిషి లక్షల ముక్కల్ని కంటితో పోల్చలేడు. టెల్ అవీవ్ యూనివర్సిటీ కంప్యూటర్ సైన్స్ వాళ్ళు మనుషుల ముఖాల్ని గుర్తుపట్టే పద్ధతుల్లాంటివి తీసుకుని, చేతిరాతని పోల్చి, ఏ ముక్కకి ఏ ముక్క జత కావచ్చో కంప్యూటర్ చేత వెతికించారు. మేం మెషీన్ లెర్నింగ్ ల్యాబ్‌లో పువ్వుల ఫొటోలు వర్గీకరిస్తూ కూర్చున్నాం. అదే లెక్క అక్కడ తొమ్మిది వందల ఏళ్ళ క్రితం చిరిగిన ఉత్తరాన్ని అతికించింది. ఏ ప్రశ్నకి వాడాలో తెలియకపోతే మన చేతిలో ఉన్న పనిముట్టుతో పువ్వులే లెక్కపెడతాం.

ఇప్పుడు కొంచెం కష్టమైన విషయం. నేను పైన చెప్పినదంతా విని, "సరే, ఆ అరవై లక్షల గురించి చదవాలి కదా" అంటారు. చదవాలి. కానీ అక్కడే ఇంకో పొరపాటు జరుగుతుంది. ఒక జనం గురించి వాళ్ళు చచ్చిపోయారని మాత్రమే తెలుసుకుంటే, వాళ్ళని మళ్ళీ చంపినవాడి కళ్ళతోనే చూస్తున్నట్టు. 1930 నుంచి న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో యూదు చరిత్ర చెప్పిన సాలో బేరన్ ఈ మాట మీదే నిలబడ్డాడు. యూదు చరిత్ర అంటే కన్నీళ్ళ కథ ఒక్కటే అనుకోవడం తప్పు అని 1928లోనే ఒక వ్యాసంలో వాదించాడు. వాళ్ళు వ్యాపారం చేశారు, కవిత్వం రాశారు, పక్కవాళ్ళతో కలిసి బతికారు, తమలో తాము కొట్లాడుకున్నారు, అదంతా చరిత్రే అన్నాడు. తర్వాత పోలండ్‌లో ఉన్న ఆయన తల్లిదండ్రుల్నీ, ఒక చెల్లెల్నీ నాజీలు చంపేశారు. 1961లో ఐక్‌మన్ విచారణలో ఆయన సాక్ష్యం చెప్పాడు. అయినా తన వాదన వదులుకోలేదు.

అదే మాట వార్సా ఘెట్టోలో ఇంకో రకంగా కనిపిస్తుంది. 1940లో లక్షల మందిని గోడ కట్టి లోపల బంధించారు. లోపలున్న ఇమాన్యుయేల్ రింగెల్‌బ్లుమ్ అనే చరిత్రకారుడు అరవై మంది దాకా మనుషుల్ని రహస్యంగా కూడగట్టాడు. వాళ్ళ పని ఆధారాలు పోగెయ్యడం. ఏం పోగేశారో చూడండి. డైరీలు, జర్మన్ ఉత్తర్వులు, ఆకలి మీద రిపోర్టులు. వాటితో పాటు ట్రామ్ టికెట్లు, చాక్లెట్ కాగితాలు, నాటకాల పోస్టర్లు, బడి పిల్లలు రాసిన వ్యాసాలు. మేం చచ్చిపోతాం సరే, కానీ మేం బతికిన బతుకు ఇదీ అని చెప్పాలనుకున్నారు. 1942లో, 43లో రేకు పెట్టెల్లో, పాల క్యాన్లలో పెట్టి నేల కింద పాతారు. పాతిన చేతుల్లో ఒకడికి 19 ఏళ్ళు. మన సెకండియర్ వయసు. రింగెల్‌బ్లుమ్‌ని 1944 మార్చిలో కాల్చి చంపారు. ఆ గుంపులో బతికి బయటపడింది ముగ్గురు. శిథిలాల కింద నుంచి 1946లో ఒక భాగం, 1950లో ఇంకో భాగం దొరికాయి. ముప్పై అయిదు వేల పేజీల దాకా ఉన్నాయి.

ఇది చదివాక నేను షెల్ఫ్ మీద నుంచి ఆ పుస్తకం తీసేశాను. ఎవరో తిట్టినందుకు కాదు. ఆ కుర్రాడి కాగితాలు ఎక్కడున్నాయో తెలియకుండా వీడి పుస్తకం డెకరేషన్‌గా పెట్టుకున్నానని సిగ్గేసింది.

తాతయ్య ప్రశ్నకి ముందు, మీలో చాలామంది మనసులో ఇంకో ప్రశ్న మెదులుతూ ఉంటుంది. ఇదంతా ఇజ్రాయెల్ భజన కాదా అని. ఇన్‌స్టాలో రెండు టీమ్‌లే ఉన్నాయి. ఏ టీమో చెప్పకపోతే మాట్లాడనివ్వరు. క్లాసులో అలా కుదరదంటాడు అన్నయ్య. ప్రపంచంలో యూదులు సుమారు కోటిన్నర మంది. అందులో సగం మందికి పైగా ఇజ్రాయెల్ బయటే ఉన్నారు. 1897లో బాసెల్‌లో మొదటి జియనిస్టు మహాసభ జరిగి మనకో దేశం కావాలంది. అదే ఏడాది విల్నాలో బుండ్ అనే యూదు కార్మిక పార్టీ పుట్టి, ఎక్కడికీ పోం, ఇక్కడే ఉండి మన హక్కుల కోసం పోరాడతాం అంది. జెరూసలేంలోని హీబ్రూ యూనివర్సిటీకి మొదటి ఛాన్సలర్‌గా చేసిన జూడా మాగ్నెస్, యూదులూ అరబ్బులూ సమానంగా పాలించుకునే ఒకే దేశం కావాలని వాదించాడు. 1948ని ఒకళ్ళు స్వాతంత్ర్యం అంటే, ఇళ్ళు వదిలి పోవలసి వచ్చిన లక్షల మంది పాలస్తీనీయులు నక్బా, అంటే మహా విపత్తు అంటారు. ఆ మాట కూడా చదవాలి. "యూదులు ఇలా అనుకుంటారు" అనే వాక్యం ఎంత అబద్ధమో ఒక సెమిస్టర్‌లో తెలిసిపోతుందన్నాడు. పొగిడినా సరే, తిట్టినా సరే. వాట్సాప్‌లో పొగిడే "తెలివైన జాతి" మాటా, ఒకప్పుడు యూరప్‌లో "మాయదారి జాతి" అని తిట్టిన మాటా ఒకే చెట్టు కాయలు. రెండిట్లోనూ మనుషులు లేరు.

ఇప్పుడు తాతయ్య. వాళ్ళ చరిత్ర మనకెందుకు?

ఈ పత్రిక నడిపేది ఇంజినీరింగ్ కాలేజీ తెలుగు క్లబ్ కాబట్టి ఒక ఇంజినీరింగ్ కాలేజీ కథే చెప్తాను. 1913లో హైఫాలో ఒక టెక్నికల్ కాలేజీ కడుతున్నారు. ఇవాళ్టి టెక్నియన్ అదే. డబ్బు పెట్టిన జర్మన్ యూదు సంస్థ పాఠాలు జర్మన్‌లో చెప్పాలంది. సైన్స్ భాష జర్మనే, హీబ్రూలో టెక్నికల్ పదాలే లేవు, పిల్లలకి ఉద్యోగాలెలా వస్తాయి అని వాళ్ళ వాదన. ఎక్కడో విన్నట్టు లేదూ? టీచర్లూ విద్యార్థులూ ఆ సంస్థ బడుల్లోంచి బయటికొచ్చేశారు. ఊరేగింపులు, సమ్మెలు. కొన్ని నెలల్లోనే సంస్థ దిగొచ్చింది. మధ్యలో ప్రపంచ యుద్ధం రావడంతో 1924 దాకా కాలేజీ మొదలవ్వలేదు. మొదలైనప్పుడు పాఠాలు హీబ్రూలోనే. లేని పదాల్ని తయారుచేసుకుంటూ చెప్పారు.

ఇక్కడితో ఆపేస్తే మనకి చాలా ఉత్సాహంగా ఉంటుంది. తెలుగు దినోత్సవం ఉపన్యాసానికి సరిపోతుంది. కానీ మైనర్ చేసినవాడు ఇక్కడ ఆగనివ్వడు. తూర్పు యూరప్ యూదులు ఇంట్లో మాట్లాడుకున్నది హీబ్రూ కాదు, యిడ్డిష్. వాళ్ళు దాన్ని అమ్మ భాష అనేవారు. యుద్ధానికి ముందు కోటి మందికి పైగా మాట్లాడేవారు. హీబ్రూని నిలబెట్టే పట్టుదలలో పాలస్తీనాలో యిడ్డిష్ మాట్లాడేవాళ్ళని వెక్కిరించారు, వాళ్ళ సభల్ని అడ్డుకున్నారు. మాట్లాడే జనంలో సగం మందిని నాజీలు చంపారు. 1980లో ఏరన్ లాన్స్కీ అనే అమెరికన్ కుర్రాడు, పాతికేళ్ళు కూడా లేనివాడు, ముసలివాళ్ళు చనిపోతే పిల్లలు చెత్తలో పడేస్తున్న యిడ్డిష్ పుస్తకాల్ని వ్యాన్ వేసుకుని ఇంటింటికీ తిరిగి తెచ్చుకోవడం మొదలెట్టాడు. ప్రపంచం మొత్తం మీద 70 వేలు మిగిలి ఉంటాయని పండితులు అంచనా వేస్తే, ఆయన పది లక్షలకి పైగా పోగేశాడు. ఒక భాష గెలిచిన కథా, ఇంకో భాష దాదాపు పోయిన కథా రెండూ పక్కపక్కనే ఉన్నాయి. భాష మీద ప్రేమ ఉంటే సరిపోదు, ఆ ప్రేమ పక్కభాషని ఏం చేస్తోందో కూడా చూసుకోవాలి. తెలుగు గురించి గట్టిగా మాట్లాడే మనం గోండి, సవర, లంబాడీ మాట్లాడే క్లాస్‌మేట్స్‌తో ఎలా ఉంటున్నామో నాకు అప్పుడే గుర్తొచ్చింది.

పరాయి చరిత్ర చదివితే వచ్చే లాభం ఇదే తాతయ్యా. మన చరిత్ర చదివేటప్పుడు మనకి అభిమానం అడ్డొస్తుంది. వాళ్ళది చదివేటప్పుడు రాదు. ప్రశ్న అడగడం అక్కడ నేర్చుకుని ఇక్కడికి తెచ్చుకోవచ్చు.

అదీకాక ఆ చరిత్ర మనం అనుకున్నంత దూరంలో కూడా లేదు. మన క్లాస్ అటెండెన్స్ చూడండి. దానియేలు, సమూయేలు, ఇస్సాకు, మిరియం. బైబిల్ దారిలో మన ఇళ్ళకొచ్చిన యూదు పేర్లే అవన్నీ. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిన వజ్రాలు మద్రాసు మీదుగా లండన్‌లో యూదు వర్తకుల చేతికి చేరేవి. వాళ్ళు బదులుగా మధ్యధరా సముద్రపు పగడాలు పంపేవారు. అమ్మమ్మ మెడలో పగడాల దండ పాతదే గానీ, దాని వెనక సముద్రం ఇంకా పాతది.

ఆ రోజు భోజనాలయ్యాక తాతయ్యే ఒక మాటన్నాడు. "మన చేబ్రోలు దగ్గర కూడా ఉన్నారుగా, యూదులమని చెప్పుకునేవాళ్ళు." అన్నయ్య ఎగిరి గంతేశాడు. వాళ్ళ గురించి క్లాసులో చదివానన్నాడు. తెనాలి నుంచి దగ్గర్లోనే ఉన్న కొత్తరెడ్డిపాలెం గురించి అన్నయ్య అమెరికాలో చదివాడు. మేం అటు బస్సుల్లో ఎన్నిసార్లు తిరిగామో లెక్కలేదు, మాకు తెలియదు. మాదిగ కుటుంబాల నుంచి వచ్చిన కొందరు, క్రైస్తవంలో ఉండి, తమ పూర్వీకులు ఇశ్రాయేలు ఎఫ్రాయిము గోత్రం వాళ్ళని చెప్తూ 1990ల మొదట్లో అక్కడ సినగాగ్ పెట్టుకున్నారు. బెనె ఎఫ్రాయిం అంటారు. శనివారం విశ్రాంతి దినం పాటిస్తారు, పస్కా పండుగ చేస్తారు. వాళ్ళ మీద యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ కలిసి "ది జ్యూస్ ఆఫ్ ఆంధ్ర ప్రదేశ్" అని 2013లో ఒక పుస్తకం రాశారు.

మావయ్య వెంటనే, "అవన్నీ నిజమేనా, ఇజ్రాయెల్ వెళ్ళడానికి వేసిన ప్లానా?" అన్నాడు. అన్నయ్య అప్పుడు చెప్పిన మాట నాకు బాగా నచ్చింది. వచ్చీరాని తెలుగులో, "మావయ్యా, ఆ క్వశ్చన్ వాళ్ళనే ఎందుకు అడుగుతాం? మా పూర్వీకులు ఫలానా ఋషి అని మన ఇంట్లో చెప్తారు. దానికి ఎవరూ ప్రూఫ్ అడగరు కదా" అన్నాడు. తాతయ్య చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మా గోత్రం ఆయనకి ప్రాణం. కులం పేరుతో తోసేసిన జనం తమకి ఇంకో చరిత్ర ఉందని చెప్పుకుంటే, అది రక్తపరీక్షలో నిలబడుతుందా లేదా అనేది ఒక ప్రశ్న. ఆ చరిత్ర వాళ్ళకి ఎందుకు అవసరమైంది, ఆ అవసరం ఎవరు కల్పించారు అనేది ఇంకో ప్రశ్న. మొదటిది ఎవరైనా అడుగుతారు. రెండోది అడగాలంటే కొంచెం చదువుండాలి.

అందుకని నేను కోరేది పెద్ద కోరికేం కాదు. మన కాలేజీలో రేపటి నుంచి యూదు అధ్యయనాల మైనర్ పెట్టమని అనట్లేదు. చెప్పేవాళ్ళే దొరకరు. కానీ ఓపెన్ ఎలక్టివ్స్‌లో మూడు క్రెడిట్స్ ఇలాంటి ఒక్క కోర్సుకి వదలొచ్చు. యూదులు, ఆర్మీనియన్లు, రోమా జనం, ఎవరిదైనా సరే, మనది కాని ఒక జనం చరిత్రని ఒక సెమిస్టర్ నింపాదిగా చదవడానికి. పక్క యూనివర్సిటీ చరిత్ర శాఖ నుంచి ఒకరిని పిలవొచ్చు. అది అయ్యేలోపు మన క్లబ్బే నాలుగు శనివారాలు పెట్టుకోవచ్చు. ఒక వారం గెనీజా, ఒక వారం హైఫా భాషా పోరాటం, ఒక వారం రింగెల్‌బ్లుమ్ పెట్టెలు, చివరి వారం కొత్తరెడ్డిపాలెం. ఆ చివరి దానికి బస్సెక్కి వెళ్ళి, వాళ్ళు పిలిస్తే కూర్చుని వినొచ్చు. ప్రూఫ్ అడగడానికి మాత్రం కాదు.

మా సార్ పేరు మార్చడం నా వల్ల కాదని తెలుసు. జూనియర్లు అలాగే పిలుస్తారు. నేను మాత్రం మానేశాను. మొన్న ల్యాబ్‌లో ఒకడు "హిట్లర్ వస్తున్నాడ్రా" అని గుసగుసలాడితే, ఎందుకు మానేశానో చెప్పాను. "అయితే ఆ పాల క్యాన్ల కథ చెప్పు" అన్నాడు. వైవా అయ్యేలోపు సగం చెప్పాను. మిగతా సగం కోసం మర్నాడు వాడే క్యాంటీన్‌కి పిలిచాడు.